నాయన క్లీనరు

కర్నూలులో మా పక్క పోర్షన్లో ఉండేవాళ్లు మొన్న శ్రీశైలం పోతూ, వాళ్ల పాప పెంచుకుంటున్న కాక్‌టీల్ చిలుక పిల్లను మూడు రోజులు చూసుకోమని మా ఇంట్లో పెట్టిపోయారు. పాపకు పదేళ్లుంటాయి. పంజరంతో పాటు నా చేతికి ఒక కాగితం ఇచ్చింది. పొద్దున ఎన్ని చెంచాల మేత, నీళ్లు ఎప్పుడు మార్చాలి, బయటికి వదిలే ముందు ఏయే తలుపులు వేయాలి, ఫ్యాను ఎందుకు ఆపాలి అని గుండ్రటి అక్షరాలతో వరుసగా రాసుకొచ్చింది. నేను ఆ కాగితం చదువుతుంటే హాల్లో కూర్చున్న మా నాయన పంజరం వైపు వంగి సన్నగా ఈల వేశాడు. రెండు పొట్టి, ఒకటి పొడుగు. డెబ్బై ఐదు దాటిన మనిషి, పళ్లు సగం పోయిన నోరు, అయినా ఈల తప్పలేదు. పిట్ట తల పక్కకు వాల్చి, నెత్తిన కుచ్చు నిక్కించి ఆయన్నే చూసింది. పాప సంబరపడిపోయింది.

"తాతా, నీకు భలే వస్తుందే! నువ్వూ పెంచినావా?"

"ఒగటుండె పాపా మా ఇంట్లో. అచ్చం ఇట్లాంటిదే. క్లీనరు అని పిలుస్తాంటిమి."

"ఏమైంది అది?"

"మా ఇంటామె పెరటి తలుపు ఏసేది మర్చిపోయె. ఎగిరిపాయ."

కోపంగా అనలేదు. ఎప్పుడో అరిగిపోయిన మాటను నిమ్మళంగా అన్నాడు. పాప అయ్యో అని, పిట్టకు టాటా చెప్పి వెళ్లిపోయింది. నేను ఆ కాగితం పట్టుకుని అక్కడే నిలబడిపోయాను. మా అమ్మ పోయి అప్పటికి ఏడాది దాటింది. ఆమె వేయడం మరిచిపోయిందని నాయన చెప్పిన ఆ తలుపు సంగతి తెలిసినదాన్ని ఈ భూమ్మీద నేనొక్కదాన్నే. ఆ పూట కూర మాడింది. సాయంత్రం దాకా ఏ పనీ మొదలుపెట్టింది పూర్తి చేయలేకపోయాను.

అప్పుడు మేము కడపలో ఉండేవాళ్లం. బండపరుపు వేసిన రెండు గదుల ఇల్లు, వెనక చిన్న పెరడు. మా నాయన లారీ డ్రైవరు. కడప బండలు ఎత్తుకొని మద్రాసు, బెంగుళూరు తిరిగేవాడు. ఇంట్లో ఆయన వరుసగా నాలుగు రోజులు ఉన్నది నేను పుట్టాక ఎప్పుడూ చూడలేదు. వచ్చినా కుదురుగా కూర్చునేవాడు కాదు. తింటూ లేచి వీధిలోకి తొంగి చూసేవాడు, మంచం మీద పడుకుని కాలు ఆడిస్తూ ఉండేవాడు. మా అమ్మ "ఆ కాలికి ఇంట్లో కూడా గేర్లేనా?" అని నవ్వేది. అలాంటి మనిషి ఒక ఉగాది ముందు, బండలు దించుతుంటే పలక జారి కుడికాలు మీద పడి, మోకాలి కింద ఎముక విరగ్గొట్టుకుని వచ్చాడు. పుత్తూరు కట్టు వేయించారు. వెదురు బద్దలు, గుడ్డ పీలికలు, ఆకు పసరు, కోడిగుడ్డు తెల్లసొన కలిసిన ఒక పచ్చి వాసన ఆ ఎండాకాలమంతా మా ముందు గదిలో నిలిచిపోయింది. మూడు నెలలు కాలు కింద పెట్టకూడదన్నారు. మూడో రోజుకే ఆయన గోడ మీద వేలితో స్టీరింగు తిప్పుతున్నట్టు గీతలు గీయడం చూశాను.

నాకు అప్పుడు పదిహేడేళ్లు. ఇంటర్ రెండో సంవత్సరం పరీక్షలు రాసి, లెక్కలు తప్పుతానని ముందే తెలిసి, తెలిసినట్టే తప్పాను. సప్లిమెంటరీ రాయాలి. నాతో చదివిన ఇద్దరు కర్నూలులో హాస్టల్లో చేరి డిగ్రీ చదవాలని నిర్ణయించుకున్నారు. నాకూ అదే పిచ్చి పట్టింది. కర్నూలు అంత గొప్ప ఊరని కాదు. ఆ రెండు గదులు దాటి ఎక్కడికైనా పోవాలని. అమ్మ టైలరు షాపులో జాకెట్లకు హెమ్మింగు, హుక్కులు కుట్టే పనికి పదింటికి పోయి పొద్దుగూకే వేళకు వచ్చేది. పోయే ముందు పెరటి తలుపు గడియ వేసి, పిల్లి రాకుండా అడుగున ఒక రాయి ఆనించి, "మీ నాయనకు మజ్జిగ ఇయ్యి, ఊరికే లేయనీకు" అని చెప్పి పోయేది. ఆ తర్వాత రోజంతా నాయనా నేనూ. ఇద్దరం ఒకే ఇంట్లో ఇరుక్కున్న రెండు దయ్యాల్లా ఉండేవాళ్లం.

ఉగాది పోయిన వారానికి మాబు మామ వచ్చాడు. ఆయనా లారీ డ్రైవరే, నాయన దగ్గర పని నేర్చుకున్నవాడు. చంకలో చెప్పుల డబ్బా. మూతకు మేకుతో బొక్కలు పొడిచి ఉన్నాయి.

"అన్నా, నీకు తోడు తెచ్చినా. మద్రాసులో పిట్టలు పెంచే దోస్తు ఒకడుండాడు. ఇది గూట్లో ఆఖరిదంట. తల్లి మేత పెట్టేది మానేసిందంట. నువ్వు యట్లా ఊరికే పండుకోనుండావు కదా, సాకు" అన్నాడు.

మూత తీస్తే లోపల ఉన్నది పిట్టలాగే లేదు. ఒళ్లంతా ముళ్లు మొలిచినట్టు ఈకల పుల్లలు, మధ్యలో పసుపు నూగు, పెద్ద నల్లకళ్లు. మమ్మల్ని చూసి పాములాగ బుస కొట్టి అటూ ఇటూ ఊగింది. అమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

"మంచంలో ఒకరు, డబ్బాలో ఒకరా? ఎవురు చేస్తారప్పా దీనికి చాకిరీ?"

"సుజాత చేస్తాదిలే" అన్నాడు నాయన, నన్ను అడక్కుండానే.

అలా అది నా పని అయింది. నాలుగు గంటలకొకసారి మేత పెట్టాలి. ఇప్పుడైతే డబ్బాల్లో పొడి దొరుకుతుంది, ఫోనులో డాక్టరు చెప్తాడు. అప్పుడు మాకు దొరికింది మాబు మామ చెప్పినంత, నాయన ఊహించినంత. కొర్రపిండి, రాగిపిండి కలిపి పల్చగా జావ కాచి, ఎముక అతకడానికని అమ్మ నాయనకు ఉడకబెట్టి ఇచ్చే గుడ్డులోని పచ్చసొన కాస్త అందులో మెదిపేదాన్ని. జావ మణికట్టు లోపలి వైపు పెట్టి చూసుకోవాలి. చురుక్కుమంటే పిట్ట గొంతు కాలుతుంది, చల్లారితే లోపల పులుస్తుంది. చెంచా అంచులు రెండు వైపులా వంచి దోనెలా చేసింది నాయనే, పడుకునే, కటింగ్ ప్లేయరుతో. చెంచా ముక్కుకు తగలగానే పిట్ట ఒళ్లంతా అదురుతూ తల కిందికీ పైకీ కొట్టుకుంటూ తాగేది. గొంతు కింద సంచి చిన్న నిమ్మకాయంత ఉబ్బేది. వేలితో మెత్తగా తాకి, ముందు పెట్టింది అరిగిందో లేదో చూశాకే మళ్లీ పెట్టాలి. వెచ్చగా ఉంచడానికి దానికి బల్బు అక్కర్లేకపోయింది. కడప ఎండే సరిపోయింది.

ఒప్పుకోవాలి, మొదటి పదిరోజులు నాకు దాని మీద ప్రేమ పుట్టింది. ఈకలు విచ్చుకుని బూడిదరంగు ఒళ్లు, పసుపు మొహం, చెంపలకు నారింజరంగు బొట్లు తేలడం రోజూ కొంచెం కొంచెం చూశాను. అది నా మెడ పక్కన దూరి నిద్రపోతే తెల్లటి పొడి రాలేది, దానికి ఎండలో ఆరిన బట్ట వాసన వచ్చేది. కానీ రెక్కలు వచ్చాక అది నాయనది అయిపోయింది. పొద్దున డబ్బా తెరవగానే ఎగిరి ఆయన భుజం మీద వాలేది. ఆయన కట్టు అంచున కూర్చుని పీలికలు కొరికేది. ఎగిరే పిట్ట ఉంటే పైన ఫ్యాను తిరగకూడదు. మే నెలలో, కడపలో, మధ్యాహ్నం రెండింటికి, నాయన ఫ్యాను ఆపించి ఒళ్లంతా చెమటతో తడిసిపోతూ దాన్ని గదిలో ఎగరనిచ్చేవాడు. నేను విసనకర్ర ఒక చేత్తో, లెక్కల పుస్తకం ఒక చేత్తో పట్టుకుని కూర్చునేదాన్ని. ఒక్క లెక్కా తలకెక్కేది కాదు.

ఈల నేర్పింది అప్పుడే. లారీ వెనక్కి తీసేటప్పుడు క్లీనరు దిగి వేసే ఈల: రెండు పొట్టివి వేస్తే రా రా అని, పొడుగుది వేస్తే ఆగమని. పిట్ట ఒకరోజు గంటల తరబడి గొణిగి గొణిగి చివరికి ఆ మూడూ సరిగ్గా వేసింది. నాయన మంచం మీద చప్పట్లు కొట్టి, "చూస్తివామ్మే, నాకు క్లీనరు దొరికినాడు!" అన్నాడు. అదే పేరు నిలిచిపోయింది. కాలు విరిగాక ఆయన నవ్వడం ఆరోజే చూశాను. ఆ తర్వాత వీధిలో ఏ బండి వెనక్కి తీస్తున్నా లోపలినుంచి క్లీనరు ఈల వేసేది. బయట డ్రైవర్లు నిజంగా ఆగి చూసేవాళ్లు.

సప్లిమెంటరీ రాశాను. ఎలాగో గట్టెక్కాను. నాయనకు కట్టు విప్పి, చేతికర్ర ఇచ్చి, మెల్లగా నడవమన్నారు. కర్నూలు కాలేజీలో అప్లికేషన్లకు ఇంకో వారమే ఉంది. ఎప్పుడు అడిగినా "కట్టు ఇప్పనీ చూద్దాం" అన్న మనిషిని, కట్టు విప్పాక అడిగాను. ఆయన గోడ వారగా కూర్చుని కొర్రకంకి ఒకటి పట్టుకుని క్లీనరుకు తినిపిస్తున్నాడు.

"ఈ సంవచ్చరం ఈడనే చదువుకోమ్మా. నేను లారీ ఎక్కితే, మీయమ్మ పనికి పోతే, నువ్వు గూడా పోతే ఈ పిట్టను చూసేదెవరు?" అన్నాడు.

తమాషాకు అన్నాడో, నిజంగానే అన్నాడో ఇప్పటికీ చెప్పలేను. కంకి మీంచి తల ఎత్తలేదు. నేను వంటింట్లోకి పోయి నీళ్ల కుండ మూత తీసి ఊరికే అందులోకి చూస్తూ నిలబడ్డాను. ఏడుపు రాలేదు. కాళ్లలో ఒకటే గుంజులాట, ఎక్కడికో పరుగెత్తాలని.

మరుసటి రోజు మాబు మామ మోటారు సైకిలు మీద నాయనను లారీ షెడ్డుకు తీసుకుపోయాడు. గాయం తగిలాక ఆయన గడప దాటడం అదే మొదలు. అమ్మ పనికి పోయింది. ఇంట్లో నేనూ క్లీనరూ. అది ముందు గది అంతా నడుస్తూ, తలుపు దాకా పోయి వస్తూ, ఆగకుండా ఈల వేస్తోంది. రా రా, ఆగు. రా రా, ఆగు. నాయన కోసం. నేను డబ్బాలో పెట్టినా ఊరుకోలేదు. చెవులు మూసుకున్నాను. ఎంతసేపు అలా ఉన్నానో తెలియదు. తర్వాత లేచి, దుమ్ము వస్తుందని ఎప్పుడూ తెరవని తూర్పు కిటికీ కొక్కెం తీశాను. దాన్ని వేలి మీద ఎక్కించుకుని ఊచల మధ్య నిలబెట్టాను. అది పోలేదు. తిరిగి నా వైపే చూసి, కుచ్చు దించి, నా వేలి గోరు మెల్లగా కొరికింది. దానికి నేను నాలుగు గంటలకొకసారి చెంచా పట్టిన చెయ్యే అది. ఆ చెయ్యి వెనక్కి లాక్కుని, గట్టిగా చప్పట్లు కొట్టాను.

ఎగిరింది. వీధి దాటి, ఎదురింటి మిద్దె దాటి, మునిసిపాలిటీ నీళ్ల ట్యాంకు వైపు చిన్న బూడిదరంగు చుక్కలా పోయింది. అది కనబడకుండా పోయిన క్షణమే నాకు తెలివి వచ్చింది. చెప్పులు కూడా లేకుండా వీధి చివరిదాకా పరుగెత్తాను. ఎండకు అరికాళ్లు బొబ్బలెక్కాయి. ఈల వేద్దామంటే నోరు ఎండిపోయి గాలి తప్ప ఏమీ రాలేదు. తిరిగొచ్చి కిటికీ మూసి కొక్కెం పెట్టాను. అది పెడుతున్నప్పుడే ఏం చెప్పాలో నా బుర్ర తయారు చేసుకుంది. పెరటి తలుపు దగ్గరికి పోయి, అమ్మ ఆనించిన రాయిని కాలితో జరిపి, గడియ తీసి, తలుపు ఓరగా తెరిచాను.

నాయన మధ్యాహ్నానికి వచ్చాడు. "పెరటి తలుపు తెరిచుండె నాయనా. నేను చూసుకోల్యా. పడమటి పక్క, గుట్టల దిక్కు ఎగిరిపాయ" అన్నాను. ఆయన చేతికర్ర తీసుకుని అలాగే బయటికి నడిచాడు. సాయంత్రం అమ్మ ఇంకా చేతిసంచి కింద పెట్టకముందే ఆయన గొంతు లేచింది. మా ఇంట్లో అంత గొంతు నేను అంతకుముందు వినలేదు.

"తలుపు ఏసుకునేది గూడా చేతగాల్యా నీకు? నోరు లేని జీవం, ఈ ఎండకు ఒక దినం బతుకుతాదా అది?"

అమ్మ నిలబడినచోటే ఆగింది. "ఏసినట్టే గుర్తు... రాయి గూడా పెడ్తి." నా వైపు చూసింది. నేను తల దించుకున్నాను. ఆమె పెరటి తలుపు వైపు చూసి, "ఏమో, తొందరలో మర్చిపోయినానేమోలే" అంది. నన్ను కాపాడాలని అన్నది కాదు ఆ మాట. ఆమెకు నిజంగానే తన మీద అనుమానం వచ్చింది. నేను చూస్తుండగానే, తన చేత్తో వేసిన గడియ మీద ఆమెకు నమ్మకం పోయింది.

నాయన మూడు రోజులు తిరిగాడు. పడమటి వీధులన్నీ, గుట్ట కింద కంప చెట్ల దాకా, సరిగా అతకని కాలు ఈడ్చుకుంటూ, రెండు పొట్టి ఒకటి పొడుగు ఈల వేస్తూ. మూడో రోజు కాలు వాచి మాబు మామ మోసుకుని తెచ్చాడు. మళ్లీ కట్టు వేశారు. ఇంకో రెండు నెలలు లారీ ఎక్కలేదు. ఆ మంచంలో పడుకునే నన్ను పిలిచి, "పోమ్మా, నువ్వు పోయి చదువుకో. ఈడ ఇంగ ఏముండాది?" అన్నాడు. కోరింది దొరికింది. కర్నూలు బస్సులో కూర్చున్నాక ఊరు దగ్గరపడి ఓర్వకల్లు రాళ్ల గుట్టలు వచ్చేదాకా, నీళ్ల ట్యాంకు కనబడిన ప్రతిచోటా పిట్ట కోసం వెతుకుతూనే ఉన్నాను.

తర్వాత చదువు, ఉద్యోగం, పెళ్లి, పిల్లలు. ఆ సంగతి చెప్పడానికి ఎన్నో మంచి రోజులు వచ్చాయి, పోయాయి. సెలవులకు పోయినప్పుడు చూసేదాన్ని: అమ్మ పనికి బయల్దేరి వీధి మలుపు దాకా పోయి, మళ్లీ వెనక్కి వచ్చి పెరటి గడియ పట్టి లాగి చూసుకుని పోయేది. కొన్నాళ్లకు రెండుసార్లు వచ్చేది. చివరి రోజుల్లో కర్నూలు ఆసుపత్రి మంచం మీద కూడా, "తలుపు ఏస్తినా సుజా?" అని అడిగేది. వేశావమ్మా అనేదాన్ని. అంతవరకే అనేదాన్ని. నా పిల్లలు ఏదైనా తప్పు చేస్తే ఆరోజే వచ్చి చెప్పేస్తారు, నేను అరుస్తాను, అయిపోతుంది. మా ఇంట్లో అప్పుడు అరుపులు లేవు, అడగడాలు లేవు, అందుకే చెప్పడాలు కూడా లేకపోయాయేమో అని నాకు నేను సర్ది చెప్పుకునేదాన్ని. అబద్ధం. భయపడ్డాను, అంతే.

పక్కింటి పిట్ట వచ్చిన రెండో రోజు మధ్యాహ్నం, అన్నం తిని నాయన చేయి కడుక్కుని కూర్చున్నాక, ఎదురుగా పీట వేసుకుని కూర్చుని చెప్పేశాను. కిటికీ, చప్పట్లు, రాయి జరపడం, అంతా.  ఆయన ఆడిస్తున్న కాలు ఆగిపోయింది.

"అయితే ఏ పక్కకు పాయ?" అన్నాడు చివరికి.

"తూర్పుకు నాయనా. నీళ్ల ట్యాంకు దిక్కు."

"నేను పడమర తిరిగితినే." తల ఊపుకున్నాడు. చాలాసేపు ఊపుతూనే ఉన్నాడు. తర్వాత నా వైపు కాకుండా గోడ వైపు చూస్తూ, "అంటే మీయమ్మ తలుపు ఏసే ఉండె" అన్నాడు.

ఆ పూటంతా పంజరం వైపు వీపు పెట్టి పడుకున్నాడు. మరునాడు పక్కింటివాళ్లు వచ్చి పిట్టను తీసుకుపోయారు. ఆదివారం పొద్దున్నే నాయన స్నానం చేసి, ఉతికిన పంచె కట్టుకుని, "కడపకు పోదాం పా" అన్నాడు. బస్సులో ఐదు గంటలు కిటికీ పక్కన కూర్చున్నాడు గాని బయటికి చూడలేదు. మా వాళ్లలో పూడ్చడమే ఆచారం. ఊరి చివర, బండల మధ్య, అమ్మ మీద పరిచిన నల్లటి పలక ఎండకు కాలిపోతోంది. నన్ను దూరంగా ఒక వేపచెట్టు కింద నిలబడమని, ఆయన ఒక్కడే కర్ర ఊనుకుంటూ పోయి పలక పక్కన నేల మీద కూలబడ్డాడు. చేయి పలక మీద పెట్టి ఏదో చెప్తున్నాడు. గాలికి మాటలు నా దాకా రాలేదు. ఒకసారి మాత్రం తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకోవడం కనిపించింది.

లేవడానికి చాలా అవస్థ పడ్డాడు. నేను పరుగెత్తి పోబోతే, వద్దని చేత్తో ఆపాడు. చెట్టు దాకా తనే నడిచి వచ్చి, నీడలో నిలబడి ఊపిరి తీసుకున్నాడు.

"నా మాట నేను చెప్పుకుంటి. ఇంగ నువ్వు పో" అన్నాడు.

చెప్పులు చెట్టు కింద విడిచి, ఆ వేడి బండల మీద అమ్మ దగ్గరికి నడిచాను.